చన్నీటి చేపకు వడదెబ్బ

మార్చి నెలలో, పబ్లిక్ పరీక్షలకు ముందు, పదో తరగతి పిల్లలకు శ్వాసక్రియ పాఠం మరోసారి చెబుతాం. ఎండలు ముదరడం మొదలయ్యేదీ అప్పుడే. ఒక ఏడాది నల్లబల్ల మీద చేప మొప్పల బొమ్మ వేసి వివరిస్తుంటే వెనక బెంచీ అబ్బాయి లేచాడు. "సార్, మనకు వడదెబ్బ తగిలితే తడిగుడ్డ చుడతారు, నీళ్లు చల్లుతారు. చేప ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది కదా, దానికి వడదెబ్బ తగలదా?" అన్నాడు. తరగతి అంతా నవ్వింది, మేమూ నవ్వాం. అంతలో గంట కొట్టారు కాబట్టి ఆ పూటకు బతికిపోయాం. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదని. సావనీరుకు సైన్సు మీద ఏదైనా రాయమని పెద్దలు అడిగినప్పుడు మళ్లీ ఆ ప్రశ్నే గుర్తుకు వచ్చింది.

తగులుతుంది. 2015 వేసవిలో అమెరికా వాయవ్య భాగాన కొలంబియా నదిలో తగిలింది. ఆ నది కెనడా కొండల్లో పుట్టి, వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల మధ్యగా సాగి పసిఫిక్ మహాసముద్రంలో కలుస్తుంది. ఏటా వేసవి మొదట్లో సాకై సాల్మన్ అనే చేపలు సముద్రం విడిచి ఆ నదిలోకి ఎదురీదుతాయి. మన గోదావరికి ఎర్రనీరు రాగానే పులస ఎక్కి వచ్చినట్టే అనుకోండి. తేడా ఏమిటంటే సాకై తాను పుట్టిన సరస్సు దాకా వెళ్లి, ఒకే ఒక్కసారి గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. దానికి రెండో అవకాశం లేదు. ఆ ఏడాది సుమారు 5 లక్షల సాకై నదిలోకి వచ్చాయి. మంచి రాబడి ఉన్న సంవత్సరమే అనుకున్నారు. కానీ అంతకు ముందు శీతకాలంలో కొండల మీద పడాల్సినంత మంచు పడలేదు. జూన్‌లో ఎండలు మండిపోయాయి. కరిగి వచ్చే చల్లని నీరు లేక నది 20 డిగ్రీల సెల్సియస్ దాటి వారాల తరబడి అక్కడే నిలిచింది. సుమారు రెండున్నర లక్షల చేపలు గమ్యం చేరకుండా, గుడ్లు పెట్టకుండా దారిలోనే చచ్చిపోయాయి.

20 డిగ్రీలు! మన ఊళ్లలో సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున కుళాయి నీళ్లు అంత చల్లగా ఉంటే వేన్నీళ్లు కాచుకోకుండా స్నానానికి వెళ్లం. మనల్ని వణికించే నీళ్లలో ఒక జీవి వేడికి ఎలా చస్తుంది? చేప ఒంట్లో జరిగే రసాయన వ్యవహారం తెలిస్తే గాని ఇది అర్థం కాదు.

చేపకు, ట్యూనా వంటి కొన్నింటిని మినహాయిస్తే, సొంత వేడి లేదు. మన ఒళ్లు ఎండలోనైనా చలిలోనైనా 37 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. చేప ఒళ్లు మాత్రం చుట్టూ ఉన్న నీరు ఎంత ఉంటే అంతే. మొప్పల్లో రక్తానికీ నీటికీ మధ్య ఉండేది కంటికి కనిపించనంత పలుచని పొర. ప్రాణవాయువు ఆ పొర దాటి లోపలికి వచ్చినంత సులువుగా వేడి కూడా వస్తుంది. కాబట్టి నది ఉష్ణోగ్రతే చేప గుండె ఉష్ణోగ్రత, మెదడు ఉష్ణోగ్రత, కాలేయం ఉష్ణోగ్రత. నీడకు పోదామంటే నీరే దాని నీడ, నీరే దాని ఎండ.

ఇక రసాయన చర్యల సంగతి. దోసెల పిండి జనవరిలో మర్నాడు మధ్యాహ్నానికి కూడా సరిగా పొంగదు, మే నెలలో రాత్రికే పులిసి గిన్నె దాటుతుంది. అది సూక్ష్మజీవుల రసాయనం. చేప కణాల్లోనూ అదే సూత్రం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే శరీరంలోని చర్యల వేగం దాదాపు రెట్టింపు అవుతుంది, ఒక్కోసారి అంతకు మించి. వేగం పెరిగితే మంచిదే కదా అనిపించవచ్చు. కానీ ప్రతి చర్యకూ ఇంధనం కావాలి, ఆ ఇంధనం మండడానికి ఆక్సిజన్ కావాలి. చేప కదలకుండా ఒకచోట నిలబడినా, ఏ పనీ చేయకపోయినా, వేడి నీటిలో దాని ఇంటి ఖర్చు పెరిగిపోతుంది.

ఖర్చు పెరిగే సమయానికే రాబడి తగ్గుతుంది. అసలు చిక్కు ఇక్కడుంది. పొయ్యి మీద నీళ్ల గిన్నె పెట్టి చూడండి. నీళ్లు మరగడానికి చాలా ముందే గిన్నె అంచుల వెంబడి చిన్నచిన్న బుడగలు పుడతాయి. అవి ఆవిరి బుడగలు కావు. నీటిలో కరిగి ఉన్న గాలి, వేడికి ఇక అందులో నిలవలేక బయటికి వచ్చేస్తోంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండగల ఆక్సిజన్ తగ్గుతుంది. సున్నా డిగ్రీల మంచినీటిలో లీటరుకు 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 10 డిగ్రీలకు అది 11.3, 20 డిగ్రీలకు 9.1, 30 డిగ్రీలకు 7.6. మనం పీల్చే గాలిలోనైతే లీటరుకు దాదాపు 280 మిల్లీగ్రాములుంటుంది. చేప మామూలు రోజుల్లోనే ఎంత పేదరికంలో ఊపిరి తీస్తోందో ఈ అంకెలను బట్టి ఊహించండి.

ఈ సంచిక చదివే దాతల్లో చేపల చెరువులున్న భాయీలు చాలామంది ఉన్నారు. మబ్బు పట్టిన రాత్రి గడిచాక తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిచి ఆడిస్తుంటే ఎంత కంగారు పడతారో వారికి మేం చెప్పనక్కర్లేదు. "డీఓ పడిపోయింది, ఏరేటర్లు వేయండి" అని పరుగులు పెట్టడం వారికి అలవాటే. కానీ బొచ్చె, శీలావతి వేడి నీటి చేపలు. తరతరాలుగా 28, 30 డిగ్రీల నీటికి అలవాటు పడ్డాయి. కొర్రమీనుకైతే మొప్పలతో పాటు గాలి పీల్చే ఏర్పాటు కూడా ఉంది, నీటిలో ఆక్సిజన్ అడుగంటినా పైకి వచ్చి ఒక గుక్క పీల్చుకుని పోతుంది. సాల్మన్, ట్రౌట్ వంటి చన్నీటి చేపలకు అటువంటి వెసులుబాటు ఏమీ లేదు. మంచు కరిగి రాళ్ల మీద దూకుతూ వచ్చే నీళ్లలో ఆక్సిజన్ ఎప్పుడూ పుష్కలమే కాబట్టి దాని శరీరం ఆ ధీమా మీదే తయారైంది.

నది 10 నుంచి 20 డిగ్రీలకు చేరితే ఆక్సిజన్ రాబడి ఐదో వంతు తగ్గింది, ఖర్చు రెట్టింపు అయింది. సంఘం జమాఖర్చులు చూసే పెద్దలకు ఈ పరిస్థితి గురించి వేరే చెప్పాలా!

ఈ జమాఖర్చును మొదట పద్ధతిగా రాసినవారు కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయం ఆచార్యులు ఫ్రై. 1947లో ఆయన చెప్పిన మాట సులువైనదే. చేప ఊరికే బతికి ఉండడానికి కొంత ఆక్సిజన్ కావాలి. శక్తినంతా ఉపయోగించి ఈదితే అది గరిష్ఠంగా కొంత తీసుకోగలదు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాయే దాని మిగులు. ఈదడం, తిన్నది అరిగించుకోవడం, ఎదగడం, గుడ్లు తయారు చేసుకోవడం, రోగంతో పోరాడడం, అన్నీ ఆ మిగులులో నుంచే. తర్వాత 1960లలో అదే దేశంలో బ్రెట్ అనే శాస్త్రవేత్త సాకై చేపలను నీరు పారే గొట్టంలో ఈదించి, ఏ వేడిలో ఎంత ఆక్సిజన్ వాడుతున్నాయో కొలిచారు. 15 డిగ్రీల దగ్గర మిగులు అత్యధికంగా ఉంది. అంతకు తక్కువైనా, ఎక్కువైనా తగ్గిపోయింది. 24 డిగ్రీల ప్రాంతానికి వచ్చేసరికి చేప బతకడమే కష్టం.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. 20 డిగ్రీల నీరు సాకైని అక్కడికక్కడే చంపదు. దాని మిగులును హరిస్తుంది. తొట్టెలో తిరిగే చేపకు ఆ మిగులు లేకపోయినా కొన్నాళ్లు గడిచిపోతుంది. వందల కిలోమీటర్లు ఎదురీదవలసిన చేపకు గడవదు. అందుకే ప్రయోగశాల తొట్టెలో కొలిచిన ప్రాణాంతక ఉష్ణోగ్రతకు చాలా కిందనే నదిలో చేపలు చస్తాయి.

ముందు ఏ అవయవం ఓడిపోతుంది? గుండె. ఇది చదివినప్పుడు మాకు చాలాసేపు మనసు అదోలా అయిపోయింది. మన గుండె ఊపిరితిత్తుల నుంచి వచ్చిన తాజా రక్తాన్ని సొంత ధమనుల ద్వారా తానూ తీసుకుంటుంది. చేప ఒంట్లో రక్తం దారి వేరు. గుండె నుంచి మొప్పలకు, మొప్పల నుంచి ఒళ్లంతటికీ, అక్కడి నుంచి తిరిగి గుండెకు. అంటే కండలు, మెదడు, కాలేయం అన్నీ తమ వాటా ఆక్సిజన్ తీసేసుకున్నాక మిగిలిన రక్తమే గుండెకు చేరుతుంది. సాల్మన్ గుండె పైపొరకు తాజా రక్తం తెచ్చే ధమని ఒకటి ఉంటుంది. కానీ లోపలి మెత్తని, స్పాంజి వంటి భాగం ఆ మిగిలిన రక్తం మీదే ఆధారపడి బతుకుతుంది. ఇంటిల్లిపాదికీ వడ్డించి చివర గిన్నె అడుగున మిగిలింది తినే తల్లి లాంటిది ఆ గుండె. రోజులు బాగున్నప్పుడు అడుగున సరిపడా మిగులుతుంది. నీరు వేడెక్కి, కండలు ఎదురీతకు ఎక్కువ ఆక్సిజన్ లాగేసుకుంటే, గిన్నె ఖాళీగా తిరిగి వస్తుంది. అదే సమయంలో గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. వేగం ఒక హద్దు దాకా పెరుగుతుంది. ఆ తర్వాత పెరగదు, లయ తప్పుతుంది.

రక్తంలోనూ మార్పులు వస్తాయి. ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ చల్లదనంలో దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, వేడిలో పట్టు సడలిస్తుంది. మొప్పల దగ్గర ఆక్సిజన్‌ను ఎక్కించుకోవలసిన సమయంలో ఇది నష్టం. ఆక్సిజన్ చాలని కండలు గ్లూకోజును సగమే మండించి లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేస్తాయి. పరుగు పందెం తర్వాత మన పిల్లల కాళ్లు బిగుసుకుపోయే సమయంలో జరిగేదీ ఈ చర్యే. రక్తంలో ఆమ్లం పెరిగితే చేప హీమోగ్లోబిన్ పట్టు మరింత సడలుతుంది. అంటే ఆక్సిజన్ కొరత ఆమ్లాన్ని పెంచుతుంది, ఆమ్లం ఆక్సిజన్ కొరతను పెంచుతుంది. గాలం పడ్డ ట్రౌట్‌ను వేసవిలో జాలిపడి తిరిగి నీళ్లలో వదిలిపెట్టినా కొన్ని గంటల తర్వాత చచ్చిపోవడానికి ఇదొక కారణం. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో నది నీరు వరసగా మూడు రోజులు 23 డిగ్రీల దగ్గరికి చేరితే మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి దాకా గాలం వేయకూడదని ఆంక్షలు పెడతారు. సరదాకు కూడా వేళాపాళా ఉండాలన్నమాట.

ఊపిరి కోసం మొప్పల మీదుగా ఎక్కువ నీటిని పంపితే ఇంకో నష్టం ఉంది. నదిలోని చేప రక్తం చుట్టూ ఉన్న నీటికన్నా ఉప్పగా ఉంటుంది. ఆక్సిజన్ లోపలికి వచ్చే తలుపు నుంచే సోడియం, క్లోరైడ్ బయటికి జారిపోతాయి. తలుపు ఎంత బార్లా తెరిస్తే అంత ఉప్పు పోతుంది. పోయిన దాన్ని తిరిగి లోపలికి లాక్కోవాలంటే మళ్లీ శక్తి ఖర్చు.

సాకై మరీ ఇబ్బంది పడేది ఎందుకంటే అది నదిలోకి అడుగుపెట్టిన దగ్గర నుంచి తిండి మానేస్తుంది. ఉపవాసంతోనే ప్రయాణమంతా. సముద్రంలో కొన్నేళ్ల పాటు తిని ఒంట్లో దాచుకున్న కొవ్వే దారి బత్తెం. ఈదడానికీ అదే, గుడ్లు పండడానికీ అదే, ఒళ్లు ఎర్రబడి మగచేప మూతి కొక్కెంలా వంగడానికీ అదే. వేడి నదిలో ఆ కొవ్వు రోజుకు కొంత అదనంగా కరిగిపోతుంది. దారిలో ఎక్కడా కొత్తగా నింపుకునేది లేదు. ఆడచేపల కష్టం ఇంకా ఎక్కువ. గుడ్ల భారం మోస్తూ వెళ్లే ఆడచేపలు వేడి సంవత్సరాల్లో మగవాటికన్నా ఎక్కువగా దారిలో రాలిపోతున్నట్టు కెనడా నదుల్లో పదేపదే తేలింది. గుడ్డుకు కూడా ఓర్పు తక్కువ. పూర్తిగా ఎదిగిన చేప తట్టుకునే వేడిని అది తట్టుకోలేదు, సాల్మన్ గుడ్లకు 13 డిగ్రీల లోపు నీరు ఉంటే మంచిది.

ఇప్పటిదాకా చెప్పింది రాబడి, ఖర్చుల కథ. చేప శరీర నిర్మాణంలోనే చల్లదనానికి తగ్గట్టు అమరిన సంగతులు రెండున్నాయి. అవి కొవ్వు, ఎంజైములు.

మన వంటింట్లో నెయ్యి డిసెంబరులో గడ్డకడుతుంది, పక్కనే ఉన్న వేరుశనగ నూనె గడ్డకట్టదు. కారణం కొవ్వు అణువుల ఆకారం. నెయ్యిలోని కొవ్వు గొలుసులు చాలావరకు తిన్నగా, చీపురు పుల్లల్లా ఉంటాయి, దగ్గరగా సర్దుకుని గట్టిపడతాయి. నూనెలోని గొలుసులు అక్కడక్కడ వంగి ఉంటాయి కాబట్టి సర్దుకోలేవు. ప్రతి కణం చుట్టూ ఉండే పొర కూడా కొవ్వుతో తయారైందే. అది మరీ గట్టిపడితే పదార్థాల రాకపోకలు ఆగిపోతాయి, మరీ పలచబడితే పొర కారిపోతుంది. చన్నీటి చేప తన పొరల్లో బాగా వంగిన కొవ్వులను, అంటే డాక్టర్లు గుండెకు మంచిదని చెప్పే ఒమేగా-3 రకాలను, ఎక్కువగా పెట్టుకుంటుంది. కాడ్ లివర్ ఆయిల్ సీసా ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టకపోవడం వెనక ఇదే రహస్యం. నీరు మెల్లగా, వారాల మీద వేడెక్కితే చేప ఆ కొవ్వుల పాళ్లు మార్చుకుంటుంది, వంగినవి తగ్గించి తిన్ననివి పెంచుతుంది. 1974లో సినెన్‌స్కీ అనే శాస్త్రవేత్త మొదట బ్యాక్టీరియాలో ఈ సర్దుబాటును గుర్తించి దానికి పేరు పెట్టారు. ఆ సర్దుబాటుకు వ్యవధి కావాలి. నాలుగు రోజుల్లో నది 5 డిగ్రీలు పెరిగితే చేప పాత పొరలతోనే కొత్త వేడిని ఎదుర్కోవాలి.

ఎంజైములదీ ఇలాంటి కథే. ఎంజైము అంటే శరీరంలో రసాయన చర్యను త్వరగా జరిపించే ప్రోటీను. పని చేసేటప్పుడు అది తలుపులా తెరుచుకుని మూసుకోవాలి. చలిలో అణువుల కదలిక మందగిస్తుంది కాబట్టి చన్నీటి జీవుల్లో ఆ తలుపు కీళ్లు వదులుగా ఉంటాయి. అలా వదులుగా ఉండడం చలిలో లాభం. వేడిలో అదే కీలు ఊగిపోతుంది, తలుపు సరిగా పడదు. ఈ సంగతి అందరికన్నా స్పష్టంగా చూపించినవి అంటార్కిటికా చేపలు. అక్కడి సముద్రం ఏడాది పొడవునా సున్నాకు కాస్త దిగువన, మైనస్ 1.9 డిగ్రీల దాకా ఉంటుంది. 1967లో సొమెరో, డెవ్రీస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ చేపలు సుమారు 6 డిగ్రీల దగ్గర వేడికి చచ్చిపోతాయని ప్రకటించారు. 6 డిగ్రీలంటే మన ఇంట్లో ఫ్రిజ్ లోపలి చల్లదనం! తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు నమ్మలేదు. పుస్తకం చూపించవలసి వచ్చింది.

ఆ సముద్రంలోనే ఐస్‌ఫిష్ అనే జాతి చేపల రక్తం ఎర్రగా ఉండదు, నీళ్లలా ఉంటుంది. వాటికి హీమోగ్లోబిన్ అసలే లేదు. అతి చల్లని నీటిలో ఆక్సిజన్ అంత సమృద్ధిగా ఉంది కాబట్టి రక్తద్రవంలో కరిగినంతే మోసుకుంటూ, పెద్ద గుండెతో, ఎక్కువ రక్తంతో నెట్టుకొస్తున్నాయి. వాటి రక్తం మోయగలిగే ఆక్సిజన్ మిగతా చేపల రక్తంలో పదో వంతు కూడా ఉండదు. ఉన్నదాంట్లో సరిపెట్టుకున్న ఆ జీవికి నీరు కాస్త వేడెక్కినా తట్టుకునే వెసులుబాటు లేదు.

వేడి దెబ్బ నుంచి కాపాడుకోవడానికి దాదాపు జీవులన్నిటికీ ఒక అత్యవసర ఏర్పాటు ఉంది. 1962లో ఇటలీలో రిటోస్సా అనే శాస్త్రవేత్త పండుఈగల లార్వాలను పరిశీలిస్తుండగా, ఎవరో ఇంక్యుబేటర్ వేడిని పొరపాటున పెంచేశారు. ఆయన ఆ లార్వాల క్రోమోజోముల మీద కొత్త ఉబ్బులు చూశారు. తర్వాత తెలిసింది, ప్రమాదం వచ్చిందని జన్యువులు ప్రత్యేక ప్రోటీన్లను తయారు చేయిస్తున్నాయని. వాటిని హీట్ షాక్ ప్రోటీన్లు అంటున్నారు. వేడికి ముడతలు విడిపోయిన ఇతర ప్రోటీన్లను పట్టుకుని తిరిగి సరిగా మడతపెట్టడం వాటి పని. గుడ్డులోని తెల్లసొన వేడికి గడ్డకట్టాక తిరిగి నీరు కాదు కదా, ఆ స్థితి రాకముందే ఇవి ఆదుకుంటాయి. సాల్మన్ ఈ ప్రోటీన్లను పుష్కలంగా తయారు చేసుకుంటుంది, కాకపోతే దానికీ శక్తి ఖర్చే. అంటార్కిటికాలోని ఒక జాతి చేపను 2000లో పరీక్షించినప్పుడు వేడి తగిలినా అది ఈ ప్రోటీన్లను కొత్తగా పెంచుకోలేదు. లక్షల ఏళ్లుగా చల్లగా ఉన్న ఇంట్లో నిప్పు ఆర్పే బకెట్లు ఎవరు పెట్టుకుంటారు?

అయితే వేడిలో చచ్చే చేపలన్నీ నేరుగా వేడికే చావవు. 2002 సెప్టెంబరులో అమెరికా పడమటి తీరంలో క్లామత్ నదిలో కనీసం 34 వేల సాల్మన్లు చచ్చి తేలాయి. నీరు తక్కువ, వెచ్చగా ఉంది, చేపలు ఒకేచోట కిక్కిరిశాయి. వెచ్చని నీటిలో జోరుగా పెరిగే కాలమ్నారిస్ బ్యాక్టీరియా, ఇక్ అనే పరాన్నజీవి వాటి మొప్పలను తినేశాయి. ఆక్సిజన్ అత్యవసరమైన సమయంలోనే ఆక్సిజన్ తీసుకునే అవయవం పాడైంది. ఆ నది ఒడ్డున తరతరాలుగా సాల్మన్ మీదే బతికిన యూరోక్ తెగవారు ఆ తర్వాత రెండు దశాబ్దాలు ఆనకట్టలు తీసేయాలని పోరాడారు. 2024 నాటికి నాలుగు ఆనకట్టలు తొలగిపోయాయి. ఆ శరత్కాలంలోనే వాటి స్థానం దాటి పైకి సాల్మన్లు వెళ్లడం చూశారు.

సాల్మన్లలోనూ అందరూ ఒకేలా లేరు. కెనడాలోని ఫ్రేజర్ నది వేసవి ఉష్ణోగ్రత 1950ల నుంచి సుమారు 2 డిగ్రీలు పెరిగింది. ఆ నదిలో వేర్వేరు ఉపనదులకు వెళ్లే సాకై జాతులను 2011లో ప్రచురించిన ఒక పరిశోధనలో పోల్చి చూశారు. దూరం, ఎత్తు, దారిలో ఎదురయ్యే వేడిని బట్టి ఒక్కో గుంపు గుండె ఒక్కోలా తయారై ఉంది. చిల్కో సరస్సుకు వెళ్లే చేపలు 650 కిలోమీటర్లు ఈది, వెయ్యి మీటర్లకు పైగా ఎత్తు ఎక్కాలి. వాటి గుండె పెద్దది. అడ్రినలిన్ పిలుపును అందుకునే గ్రాహకాలు ఆ గుండెలో ఎక్కువ. వేడి నీటిలోనూ చాలాసేపు నిలిచి కొట్టుకుంటుంది. కొద్ది దూరమే వెళ్లే గుంపులకు అంత బలమైన గుండె అవసరం లేకపోయింది, ఇప్పుడు వేడి వచ్చేసరికి అవి ముందు ఓడిపోతున్నాయి.

మన దేశంలోనూ చన్నీటి చేపలు ఉన్నాయి. తెల్లదొరలు గాలం సరదా కోసం ట్రౌట్ గుడ్లను ఓడలో కశ్మీరుకు తెప్పించారు. 1899లో వచ్చిన మొదటి విడత దారిలోనే పాడైపోయింది, 1900లో వచ్చింది బతికింది. ఇవాళ కశ్మీరు, హిమాచల్ లోయల్లో వందలాది కుటుంబాలు ట్రౌట్ పెంచి బతుకుతున్నాయి. నీలగిరుల్లోనూ ఉంది. దాన్ని తెచ్చి మన డెల్టా చెరువులో వదిలితే ఒక్క రోజు కూడా నిలవదు. ఆ లోయల్లో సెలయేళ్లు మంచుతో నిండినన్నాళ్లే ఆ కుటుంబాల వ్యాపారం.

2015 సంగతి ఇంకా పూర్తి కాలేదు. కొలంబియాకు ఉపనది స్నేక్ నది. దాని పైన, ఐడహో కొండల్లో రెడ్‌ఫిష్ అనే సరస్సు ఉంది. అక్కడికి వెళ్లే సాకై 1,400 కిలోమీటర్లకు పైగా ఈది, సుమారు 2,000 మీటర్ల ఎత్తు ఎక్కాలి, దారిలో ఎనిమిది ఆనకట్టలు దాటాలి. షోషోన్-బానక్ తెగవారు 1990లో అర్జీ పెట్టుకోగా 1991లో ప్రభుత్వం దాన్ని అంతరించే ప్రమాదం ఉన్న జీవిగా ప్రకటించింది. 1992లో ఆ సరస్సుకు ఒకే ఒక్క చేప, ఒక మగది, చేరింది. అలాంటి వంశం తిరిగి కొన్ని వేలకు పెరిగాక 2015 వేసవి వచ్చింది. నదిలోకి వచ్చిన ఆ వంశం చేపల్లో సొంతంగా ఐడహో చేరినవి నూటికి దాదాపు ఒకటి.

ఆ జులైలో అధికారులు రెండు పనులు చేశారు. డ్వార్షాక్ అనే పెద్ద జలాశయం అడుగున చల్లగా నిలిచి ఉన్న నీటిని స్నేక్ నదిలోకి వదిలారు. ఏటా వేసవిలో చేసే పనే, నది 20 డిగ్రీలు దాటకుండా ఉండాలని. ఆ ఏడు అది చాలలేదు. దాంతో లోయర్ గ్రానైట్ ఆనకట్ట దగ్గర నిచ్చెన మెట్ల మీద అలసి ఆగిన సాకై చేపలను జాగ్రత్తగా పట్టి, చల్లని నీళ్ల ట్యాంకులున్న లారీల్లో ఎక్కించి, ఐడహోలోని ఈగిల్ హేచరీకి తరలించారు. కొన్ని పదుల చేపలే. అక్కడ బోరు నీటి చల్లదనంలో వాటి గుండెలు కుదుటపడ్డాయి, వాటి నుంచి గుడ్లు తీసి పిల్లలను పెంచారు.

మర్నాడు తరగతిలో ఈ కథంతా చెప్పాం. ప్రశ్న వేసిన అబ్బాయి అంతా విని, "అయితే సార్, ఆ లారీలే వాటికి తడిగుడ్డ" అన్నాడు. ఈసారి తరగతిలో ఎవరూ నవ్వలేదు.